తాగనివాడి మెడలో మాల

నేను బోరు మోటర్లు బాగుచేసే మేస్త్రీని. ఇన్నేళ్లలో కల్లు చుక్క కూడా గొంతు దిగలేదు. అయినా వనపర్తి దవాఖానలో డాక్టరమ్మ స్కానింగ్ చూసి, "లివర్‌కు కొవ్వు పట్టింది, షుగర్ గూడ అంచు మీదున్నది" అనగానే మా ఆవిడ నన్ను దొంగను చూసినట్టు చూసింది.

తాగకపోయినా వస్తుందని డాక్టరమ్మే చెప్పింది. కొవ్వు పట్టిన లివర్ ఇన్సులిన్ మాట వినదట, రక్తంలో చక్కెర నిండుగా ఉన్నా ఇంకా వదులుతూనే ఉంటుందట. నాకు వెంటనే అర్థమైంది. ఆటో స్టార్టర్ పెట్టిన మోటరూ అంతే, మడి నిండినా కరెంటు రాగానే పోస్తూనే ఉంటుంది. "బరువు తగ్గాలె, చక్కెర మానాలె. మూడు నెలలకు రా" అందామె. మా అమ్మకు షుగర్‌తోనే చూపు పోయింది. ఆ మాట నేనూ ఎత్తలేదు, మా ఆవిడా ఎత్తలేదు.

చక్కెర మానడం ఎట్లా? పెద్దమందడి చుట్టుపక్కల ఏ పొలంలో మోటరు విప్పినా ముందొక చాయ్, నీళ్లు పడ్డాక ఇంకో చాయ్. వద్దంటే రైతు మొహం మాడిపోతుంది. రోజుకు పది తక్కువ కాకుండా తాగేవాణ్ణి.

వారం తిరగకుండా మా ఆవిడ నన్ను గద్వాల మీదుగా బస్సెక్కించి, తాగుడు మాన్పించే మాల వేసే గుడికి తీసుకుపోయింది. వరుసలో ముందున్నాయన "అన్నా, ఎన్నేండ్ల సంది?" అన్నాడు. అసలు తాగనన్నాను. "నేను గూడ గట్లనే అంటుంటి" అని భుజం తట్టాడు. సిగ్గుతో చచ్చాను.

మాల ఉన్నన్నాళ్లు బయట మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టొద్దని మా ఆవిడ చెప్పింది. పూజారి అలా అన్నట్టు నాకు గుర్తులేదు. మాల చూసి రైతులు చాయ్ గ్లాసు వెనక్కి తీసుకునేవారు. నేను తాగుబోతునని నాలుగూళ్లు ఖాయం చేసుకున్నాయి. ఇంట్లో రెండే జొన్నరొట్టెలు, పొద్దున్నే నడక.

మూడు నెలలకు షుగర్ దిగింది, లివర్ కొవ్వూ తగ్గింది. దవాఖాన మెట్లు దిగుతూ ఛాతీ విరుచుకుని మా ఆవిడను అడిగాను: "నేను తాగనని ఇప్పటికన్న నమ్ముతవా?"

"నువ్వు తాగవని నాకు తెల్వదా? చాయ్ మానుమంటే ఇంటివా? చాయ్‌కు మాల ఏసే గుడి యాడున్నదో చెప్పు, గాడికే తీస్కపోతుంటి."

పగలబడి నవ్వాను. ఆమె నవ్వలేదు.

"మీ అమ్మకు మూడేండ్లు అన్నం కలిపి నోట్ల పెట్టిన. నీకు గూడ పెట్టాల్నా?"

మాల ఎప్పుడు తీయాలో నేనిక అడగలేదు.