బాబాయి కత్తికి ఒక వెంట్రుక

మా దుర్గాశంకర్ బాబాయికి నమస్కారం పెట్టే అలవాటు లేదు. ఎవరు ఎదురైనా "ఒక్క వెంట్రుక ఇస్తారా?" అంటాడు.

కారణం ఆయన గడ్డం గీసుకునే మడత కత్తి. దాన్ని రకరకాల సానరాళ్ళ మీద నూరి, చివరి మెరుగు మాత్రం మార్కాపురం పలకరాయి మీద, నీళ్ళు చిలకరిస్తూ, పసిపిల్లకి తల దువ్వుతున్నంత నెమ్మదిగా పెడతాడు. "కంపెనీ రాయి పదును పెడుతుందిరా. కొండలో పుట్టిన రాయి దానికి మర్యాద నేర్పుతుంది" అంటాడు. పదును కుదిరితే, వేలాడే వెంట్రుక అంచుకి తగలగానే తెగాలి. రాలిన వెంట్రుక పనికిరాదు, అప్పటికప్పుడు పీకిందే కావాలి. ఆయనదేమో నున్నటి బట్టతల. అందుకని ఊళ్ళోవాళ్ళ తలల మీద పడ్డాడు.

వన్ టౌన్‌లో ఆయన బట్టల కొట్టుకి బేరగాళ్ళు టోపీలు పెట్టుకుని వస్తారు.

"లుంగీలు ఎంతకిస్తారండీ?"

"రేటుదేముందండీ, ముందా టోపీ తియ్యండి."

ఒకాయన టోపీ కింద ఏమీ లేకపోయేసరికి, "పోనీ, మీసంలోంచి?" అన్నాడు. ఆ బేరం ఎదురు కొట్టుకి పోయింది. జ్యోతిర్మయి పిన్నయితే నిద్రలో కూడా తలకి తువ్వాలు తియ్యదు.

మొన్న పామర్రులో బాబాయి చెల్లెలైన మా రేణుకత్త కూతురు అక్షయ నిశ్చితార్థం. క్యాన్సర్ వైద్యంలో అత్త జుట్టంతా రాలి, ఇప్పుడిప్పుడే గోరంత మొలుస్తోంది. మగపెళ్ళివాళ్ళు వచ్చి హాల్లో కూర్చున్నా అత్త గదిలోంచి కదల్లేదు.

"ఈ తలతో నలుగురిలోకి ఎలా రాను? తాంబూలాలు మీరే పుచ్చుకోండి" అంది.

"అమ్మ రాకపోతే నేనూ కూర్చోను" అని అక్షయ ఏడుపు మొహం పెట్టింది.

బాబాయి జేబులోంచి కత్తి తీశాడు.

"మీకు దణ్ణం పెడతాను, ఇవాళొద్దండీ!" అంటూ పిన్ని అడ్డం పడింది.

ఆయన వినిపించుకోకుండా బయటికెళ్ళి, గుమ్మం ముందు సిమెంటు మెట్టు మీద ఆ అంచుని బరబరా గీశాడు. ఈగని వాలనివ్వని కత్తి! వెనకే వెళ్ళిన నేను తప్ప అది ఎవరూ చూడలేదు.

తిన్నగా గదిలోకొచ్చి, "చెల్లాయ్, ఒక్క వెంట్రుక" అన్నాడు.

మేమంతా నాలిక్కరుచుకున్నాం. అత్త గుడ్లురిమి, తలకి కట్టుకున్న స్కార్ఫ్ లాగి పారేసింది. "పీక్కో! ఉన్నదే గోరంత. అదీ నీకే కావాలా?"

చిన్న పట్టకారుతో పీకి, అంచుకి ఆనించాడు. వెంట్రుక వంగింది గానీ తెగలేదు. మళ్ళీ ఆనించాడు. ఊహూ.

"నెల్లాళ్ళు నూరిన కత్తే! ఇదేం వెంట్రుకే తల్లీ, ఇనప తీగా?" అని నెత్తి పట్టుకున్నాడు.

అత్త పడీపడీ నవ్వింది. స్కార్ఫ్ అక్కడే వదిలేసి, హాల్లోకొచ్చి పీట మీద కూర్చుంది. కాబోయే వియ్యపురాలి ముందు తల వంచి, "మా అన్నయ్య కత్తికే తెగలేదు వదినగారూ, కావాలంటే పట్టి చూడండి" అంది.

ఆవిడ నిజంగానే పట్టి చూసింది. "అమ్మో, గట్టిదేనండోయ్! మా కోడలికీ ఇదే జుట్టొచ్చిందా?"

"ఇదే!" అంది అత్త గర్వంగా.

గుమ్మం దగ్గర మొద్దుబారిన కత్తిని మడిచి జేబులో పెట్టుకుంటున్న బాబాయిని చూశాను. ఆ నున్నటి నెత్తిని ముద్దెట్టుకోవాలనిపించింది.