సైలెన్సర్ ఎల్లేష్ చెవి

నారాయణగూడ ఫ్లైఓవర్ దాటి చిక్కడపల్లి వైపు వస్తుంటే ఓ ఇరుకు సందులో ఎల్లేష్ షాపు ఉంటుంది. షాపంటే గొప్పగా ఊహించుకోకండి. రేకుల కప్పు కింద సగం కారు పడుతుంది, మిగతా సగం రోడ్డు మీదే. బోర్డు కూడా లేదు. అయినా గాంధీనగర్ నుంచీ విద్యానగర్ నుంచీ కుర్రాళ్లు కార్లేసుకుని వెతుక్కుంటూ వస్తారు. కారు బాగా పరిగెడితే చాలదు వీళ్లకి, వీధి వీధంతా తిరిగి చూసేలా గర్జించాలి. అదేం మాయదారి పిచ్చో గానీ, ఆ పిచ్చి పుణ్యమా అనే ఎల్లేష్ ఇంట్లో పొయ్యి వెలుగుతోంది.

ఎల్లేష్‌ది మహబూబ్‌నగర్ జిల్లా. పెళ్లయిన కొత్తలో భార్య కురుమమ్మను వెంటబెట్టుకుని కూలి పనికి పట్నం వచ్చాడు. కట్టే బిల్డింగుల దగ్గర ఇనుము వంచుతూ వంచుతూ వెల్డింగ్ నేర్చాడు. తర్వాత ఓ ముసలి మెకానిక్కు దగ్గర చేరాడు. తనకు దేవుడు మంచి చెవి ఇచ్చాడని అక్కడే బయటపడింది. పైపు అతుకు ఎక్కడ విడిందో, సైలెన్సర్ డబ్బా లోపల ఏ రేకు ఊగుతోందో ఇంజను మోత విని చెప్పేసేవాడు. చదువు లేదు, ఆస్తి లేదు, వెనక నిలబడే మనిషి లేడు. ఉన్నదంతా ఆ చెవే. దాన్ని నమ్ముకునే సొంతంగా షాపు పెట్టాడు.

ఆయన పనికి ఓ పద్ధతుంది. బిగించడం అయిపోగానే తాళం చేతిలో పెట్టడు. సందు చివరిదాకా నడిచి, కారుకు వీపు పెట్టి నిలబడతాడు. కారుగలవాడు ఇంజను రేజ్ చేయాలి. శబ్దం కుదిరిందనుకుంటే ఎల్లేష్ కుడిచెయ్యి పైకి లేస్తుంది. కుదరకపోతే మాట్లాడకుండా వెనక్కొచ్చి మళ్లీ కారు కిందికి దూరతాడు. "చూస్తే చెవి పని చెయ్యది, మెరిసే పైపు చూసి కన్ను ఖుష్ అయితది" అంటాడు అడిగినవాళ్లతో. చెయ్యి లేచిందంటే ఇక దానికి తిరుగులేదు. సందులో ఎవరూ మారుమాట్లాడరు.

అట్లాంటి ఎల్లేష్ దగ్గరికి అభిజిత్ వచ్చాడు. అశోక్‌నగర్ కుర్రాడు. హిమాయత్‌నగర్‌లో ఏదో ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. వాళ్ల నాన్న విద్యాసాగర్ గారి పాత కారుకు సైలెన్సర్ వేసింది కూడా ఎల్లేషే. ఈ అబ్బాయి జీతమంతా కూడబెట్టి సెకండ్ హ్యాండ్‌లో ఓ టర్బో కారు కొన్నాడు. మంచి పరుగు బండి. కొనేసరికి జేబు ఖాళీ అయింది, కోరిక మాత్రం ఖాళీ కాలేదు.

"ఎల్లేషన్నా, ఫారిన్ నుంచి తెప్పించే సైలెన్సర్ ఫుల్ సెట్టు నాతోని కాదు. తక్కువల అయిపోవాలె. సౌండ్ మాత్రం జబర్దస్త్ ఉండాలె" అన్నాడు.

"తక్కువల అంటే ఏం తీసేద్దామని వచ్చినవ్ తమ్మీ?"

"క్యాట్ తీసేసి సీదా పైపు కొట్టియ్యమంటున్నరు మా దోస్తులు."

"రేపు చలానాలు నీ దోస్తులు కడ్తరా? క్యాట్ ముట్టద్దు. పొగల విషం మింగే డబ్బా అది. తీసేస్తే పొల్యూషన్ చెక్కుల ఫెయిల్ అయితవ్. పైపు లావు పెంచుడు కూడా వద్దు, ఉత్త లొల్లి. ఎనక డబ్బా ఒక్కటి మార్చి స్టీలుది ఏద్దాం. అతుకులు నున్నగ పడితే సగం పని అయినట్టే."

అభిజిత్‌కు ఆ మాట నచ్చింది. చౌకగా అవుతుందంటే ఎవరికి నచ్చదు? అయితే కారు పైకెత్తి చూస్తే మధ్య డబ్బా కూడా తుప్పు పట్టి ఉంది. శబ్దంలోని కీచుదనాన్ని అణిచేది ఆ డబ్బానే. కొత్తది వేయాలంటే మళ్లీ ఖర్చు. అభిజిత్ మొహం చిన్నబోయింది. ఆ చిన్నబోయిన మొహం చూసి ఎల్లేష్ మనసు కరిగింది. "ఆగు, పరేషాన్ గాకు. అది లేకుంట ఎట్లుంటదో జర ఇందాం" అని డబ్బా కోసేసి, ఆ జాగాలో ఉత్త పైపు అతికాడు. సందు చివరికి పోయి వీపు తిప్పి నిలబడ్డాడు.

అభిజిత్ రేజ్ చేశాడు. ఎల్లేష్‌కు బరువైన, గుండ్రటి మోత వినిపించింది. ఎక్కడా వంక లేదు. ఎంత బాగా కుదిరిందీ అనుకున్నాడు. చెయ్యి పైకి లేచింది.

"మధ్య డబ్బా అక్కర్లే తమ్మీ. పైసలు దండుగ. గిట్లనే మస్తుగుంది."

అభిజిత్‌కు ఏదో తేడాగానే అనిపించింది. చాయ్ బండి బుగ్గమ్మ అయితే మొహం చిట్లించి కొంగు చెవికి అడ్డం పెట్టుకుంది. కానీ ఎల్లేష్ చెయ్యి లేచాక మన చెవులెంత, మన బతుకులెంత? ఆ పిల్లాడు తన చెవినే అనుమానించుకుని, కారెక్కి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు తిరిగొచ్చాడు. ఈసారి నవ్వు లేదు.

"ఏం చేసినవన్నా నా కారుకు? మా ఇంటెదురుంగ స్టడీ హాల్ ఉంది. గ్రూప్స్ చదివే పిల్లలు కిటికీలకెళ్లి తిడుతున్నరు. పొద్దుగాల కారు తీస్తే మా అమ్మ తల పట్టుకుంటుంది. నిన్న హిమాయత్‌నగర్‌ల ట్రాఫిక్ వాళ్లు ఆపిండ్రు. రేకు కోసినట్టు కీచుమంటుంది."

ఎల్లేష్‌కు రోషమొచ్చింది. రాదూ మరి. "నా చెయ్యి లేసిన బండి తమ్మీ ఇది. కీచుమనుడేంది? స్టార్ట్ చెయ్" అన్నాడు.

అభిజిత్ స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కాడు. ఎల్లేష్ వంగి విన్నాడు. పైపు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. అదే గుండ్రటి మోత.

"ఏడ కీచుమంటుంది?"

"ఇప్పుడంటుంది గదన్నా. ఇప్పుడే. నీకు ఇనపడ్తలేదా?"

ఎల్లేష్ తలెత్తాడు. అభిజిత్ ఒక చెవిలో వేలు పెట్టుకుని ఉన్నాడు. బుగ్గమ్మ చాయ్ గిన్నె వదిలేసి రెండు చెవులూ మూసుకుంది. ఎదురింటి బాల్కనీలో ఒకాయన నోరు పెద్దగా తెరిచి ఏదో కేకలేస్తున్నాడు. వీళ్లందరూ ఒక శబ్దాన్ని వింటున్నారు, తనొక్కడే వినడం లేదు. ఎల్లేష్ ఇంజను ఆపమని సైగ చేశాడు. పానా కింద పెట్టి అక్కడే కూలబడ్డాడు.

చూపించుకోవడానికి వెళితే, చెవి డాక్టరమ్మ ఆయన్ను గాజు తలుపున్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు పరికరం తగిలించింది. శబ్దం వినిపించినప్పుడల్లా చెయ్యి ఎత్తమంది. మొదట్లో చెయ్యి లేచింది. తర్వాత అవతల డాక్టరమ్మ మీటలు నొక్కుతూనే ఉంది, ఎల్లేష్ చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది. పరీక్ష ఆగిపోయిందేమో అనుకుని తలుపు వంక చూస్తూ కూర్చున్నాడు పాపం.

"బరువు శబ్దాలు వినపడుతున్నాయి. సన్నవి పోయాయి. నరం దెబ్బతింది, మళ్లీ రాదు" అంది డాక్టరమ్మ కాగితం మీద గీత చూపిస్తూ. "అన్నేళ్లు ఆ మోతలో పనిచేశారు, చెవుల్లో కాస్త దూదైనా పెట్టుకోలేదా?"

"దూది పెట్టుకుంటే పని ఎట్ల ఇనాలమ్మా?"

ఆమె కాగితం మడిచి చేతికిచ్చింది. చెవికి మిషన్ పెట్టుకుంటే మాటలు కొంత తెలుస్తాయంది. మరి ఇంజను మోత మునుపటిలా తెలుస్తుందా అని అడిగితే తల అడ్డంగా ఊపింది.

మర్నాడు అభిజిత్ కారుకు మధ్య డబ్బా కొత్తది తెచ్చి వేశాడు ఎల్లేష్. పైసా తీసుకోలేదు. సందు చివరికి పోలేదు. "నువ్వే ఇను తమ్మీ. మంచిగుంటే తీస్కపో. ఇంకెవలకన్న సౌండ్ పని కావాలంటే నా దగ్గరికి పంపకు" అన్నాడు. అభిజిత్‌కు తాళం చేతికిచ్చాడు. అంతకుముందు మోసం చేశాడని నాలుగు మాటలనడానికి వచ్చిన ఆ కుర్రాడు, ఇప్పుడు ఎల్లేష్ మొహం చూడలేక తల దించుకుని వెళ్లిపోయాడు. ఎల్లేష్ అదే పూట రేకు తలుపు దించేశాడు.

చిక్కడపల్లి వెనక బస్తీలో ఇల్లు. దీపాలు పెట్టే వేళకు కురుమమ్మ పని నుంచి వచ్చి బియ్యం చెరుగుతోంది. కూతురు సింధూర ఇంకా కాలేజీ నుంచి రాలేదు. ఎల్లేష్ గడపలో కూర్చుని అంతా చెప్పాడు. చెవి పోయిందన్నాడు, పని పోయిందన్నాడు. నలభై దాటాక మళ్లీ ఇనుము మోయడానికి కూలీల అడ్డా మీద నిలబడాలి కాబోలన్నాడు. కురుమమ్మ చెరగడం ఆపింది.

"అయినా ఆ డాక్టరమ్మ మాట పురాగ నిజం గాదే" అన్నాడు ఎల్లేష్. గొంతులో కాస్త ఆశ ఇంకా మిణుకుమిణుకుమంటోంది. "సన్న శబ్దాలు పోయినయంటది. ఆడోళ్ల గొంతు సన్నగనే ఉంటది గద. మరి నీ మాట నాకు మంచిగనే ఇనపడుతుంది. బిడ్డ మాట ఇనపడుతుంది. ఇంకో డాక్టరుకు చూపెడ్త."

కురుమమ్మ చేట పక్కన పెట్టి, వచ్చి ఆయనకు ఎదురుగా కూర్చుంది.

"మేము గొంతు లావు చేసి మాట్లాడుతున్నమయ్యా" అంది. "నీ ముంగటికొచ్చి, లావుగ. సింధూర ఇంటర్ల చేరినప్పటి సంది. ఎనక నుంచి పిలిస్తే పలుకుతలేవని పిల్లనే కనిపెట్టింది. ఇద్దరం అట్ల అలవాటు చేసుకున్నం."

ఎల్లేష్ గడప మీంచి ఆమె వైపు జరిగాడు. "నాకెందుకు చెప్పలే?"

"చెవే నీ బతుకాయె. ఏ నోటితోని చెప్పాలె? ఇయ్యాల గాకుంటె రేపు మంచిగైతదేమో అని చూసినం."

ఆయనకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో తన కోసం ఇద్దరు ఆడవాళ్లు తమ గొంతులు దాచుకుని బతికారన్న సంగతి మాత్రం మింగుడు పడలేదు. భార్య మొహంలోకి చూశాడు.

"ఏదీ, మామూలుగ మాట్లాడు. నీ గొంతుతోని."

కురుమమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని ఏదో అంది. పెదవులు కదిలాయి. పక్క గదిలో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు లీలగా ఓ సవ్వడి చెవిన పడింది. మాట ఒక్కటీ పడలేదు. ఎల్లేష్ ముందుకు వంగి, తల ఇటు తిప్పి అటు తిప్పి, "మళ్లొకసారి" అన్నాడు. ఆమె మళ్లీ అంది. ఎల్లేష్ విన్నట్టు మెల్లగా తలూపాడు.

"ఏమన్ననో చెప్పు" అంది కురుమమ్మ, మళ్లీ ఆ లావు గొంతుతో.

ఎల్లేష్ చెప్పలేకపోయాడు.