కోరుకొండ కింద తడిసిన కొత్త ఇగ్నిషన్
మా అంబాసిడర్ భీమవరం నుంచి ఎక్కడికి బయల్దేరినా సగం దారిలో కాస్త విశ్రాంతి తీసుకుంటుంది. నేను దిగి, బానెట్ ఎత్తి, ఇంజన్‌కి నిప్పురవ్వ అందించే ఇగ్నిషన్ పాయింట్లను జేబులోని గరుకు కాగితంతో రుద్ది, దాన్ని బతిమాలుకుంటాను. మొన్న మంగళవారం తణుకు సెంటర్లో ఆగినప్పుడు వెనక సీట్లోంచి మా ఆవిడ తీర్పు చెప్పేసింది. "ఇంకొక్కసారి దార్లో ఆగిందా, తూకానికి అమ్మేద్దామండి. మీరు అడ్డు చెప్పకూడదు." మా నాన్నగారు కొన్న కారది.

ఆ పాయింట్లు తీయించేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించడానికి శనివారం ఉదయం ఐదున్నరకు రాజమండ్రి బయల్దేరాం. కారు ఆగితే సాక్ష్యం ఉండాలి కదా, ఆవిడా వచ్చింది. ఏడింటికి రావులపాలెంలో పెసరట్టు ఉప్మా తిన్నాం, ఇద్దరికీ నూట ఇరవై. ఇంజన్ మాత్రం ఆపలేదు.

"బండి ఆపడం మర్చిపోయినట్టున్నారండి" అన్నాడు పక్క బల్ల ఆయన.

"దానికలా ఇష్టమండి" అన్నాను.

తొమ్మిదికి షెడ్డు చేరాం. మెకానిక్ సూర్యారావుగారు పాయింట్లుండే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, వాటికి దణ్ణం పెట్టారు. "రుద్ది రుద్ది చంపేశారండి వీటిని. ఇక రుద్దే పనుండదు. ఈ మూతకి తడి తగలనివ్వకండి, చాలు." గంటన్నరలో పని అయింది. తాళం తిప్పగానే స్టార్టయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కొత్త సామాను వేయించి పూజ చేయించకుండా ఇల్లు చేరే ధైర్యం మావైపు ఎవరికీ లేదు. పదకొండున్నరకు కోరుకొండలో, కొండమీది గుడికి వెళ్లే మెట్ల దగ్గర ఉన్నాం. నేను కొబ్బరికాయ కొనుక్కొచ్చేసరికి బానెట్ ఎత్తి ఉంది. మా ఆవిడ ఆ కొత్త మూతకి తడిపసుపు దట్టంగా మెత్తి, కుంకుమ బొట్లు పెట్టి, పైన నీళ్లు చల్లుతోంది.

"బయట బొట్టు పెడితే ఏం లాభమండి? వేయించింది లోపల కదా!" అంది నన్ను చూడగానే.

దేవుడి ముందు వాదించేదెవరు? భక్తిగా కాయ కొట్టి, ఆ నీళ్లు కూడా దానిమీదే పోశాను. నా తెలివి అంతటిది.

దర్శనం చేసుకుని కొండ దిగి తాళం తిప్పితే కుయ్‌మంది, అంతే. నలుగురు భక్తులు మూగారు. "తోయమంటారాండి?" అని ఒకాయన పంచె ఎగ్గట్టాడు. నేను మూత విప్పి గుడ్డకోసం వెతుకుతుంటే, ఆవిడ పట్టుచీర కొంగు నా చేతికిచ్చింది. తుడిచి పావుగంట ఎండలో పెట్టాక స్టార్టయింది. మీరెవరైనా వెళితే పూజ బంపరుకి చేయించండి, దేవుడేమీ అనుకోడు.

తిరుగు దారిలో కడియం దాటాం. నేనే ఉండబట్టలేక, "ఆగింది కదా, రేపు తూకంవాణ్ణి పిలవమంటావా?" అన్నాను.

"దార్లో ఆగితే అన్నాను. గుడి దగ్గరాగితే లెక్కలోకి రాదండి" అంది. తర్వాత గొంతు తగ్గించి, "కోపంలో ఏదో అన్నాను. మామయ్యగారి కారు... మీరు సరేననేస్తారేమోనని నాలుగు రోజులుగా నాకు నిద్రలేదు" అంది.