కొట్టి చూసిన గిటార్

మా ఇంట్లో ఏ వస్తువు కొన్నా ముందు వేలి కణుపుతో కొట్టి చూస్తాం. కుండను, పుచ్చకాయను అందరూ కొడతారు. మేము తలుపులను, బీరువాలను, చివరికి ఫ్రిజ్‌ను కూడా కొడతాం. నా పెళ్లిచూపుల్లో ఎదురుగా కూర్చున్న పెళ్లికొడుకును మా నాయిన కొట్టి చూడలేదంటే అది కేవలం మర్యాద కోసమే. తాండూరులో మాది బండల వ్యాపారం. నాపరాయిని నిలబెట్టి కణుపుతో ఒక్కటి కొడితే ఖంగుమని మోగాలి. చప్పగా పలికితే లోపల ఎక్కడో కంటికి కనబడని పగులు ఉన్నట్టే. ఈ కొట్టే పనికి మా యార్డులో రెండు కట్టుబాట్లున్నాయి. కొట్టేటప్పుడు అమ్మేవాడు నోరెత్తకూడదు. కొట్టి చూసి తీసుకున్న బండను కొన్నవాడు వాపసు తేకూడదు.

ఈ పనిలో మా నాయినను మించినవాడు లేడని మా నమ్మకం. అలాంటిది, ఆ మధ్య బంట్వారంలో ఒక ఇంటికి పంపిన బండలు పరిచేటప్పుడు పుటుక్కుమని పగిలాయి. దారి గతుకులకు పగిలాయో, పరచడం చేతగాక పగిలాయో ఎవరికీ తెలియదు. ఆ ఇంటాయన మాత్రం యార్డుకొచ్చి పదిమంది ముందు, "సేటుకు చెవు పోయింది" అనేసి వెళ్లాడు. నాయిన ఆ రోజు నుంచి బండను ముట్టుకోలేదు. కుర్చీలో కూర్చుని, "మీరే సూస్కోండ్రి" అనేవాడు. చెవి డాక్టరు దగ్గరికి పోదామంటే కస్సుమనేవాడు. డాక్టరు కూడా అదే మాట అంటాడేమోనని ఆయన భయం. నిజం చెప్పాలంటే నాదీ అదే భయం.

నేను వికారాబాద్‌లో ఒక కాలేజీలో లెక్కలు చెబుతాను. హాస్టల్లో ఉండగా అంటుకున్న గిటార్ పిచ్చి ఇప్పటికీ వదల్లేదు. ఆదివారాలు ఊరి బయట ఒక రిసార్టులో మేం ముగ్గురం జాజ్ వాయిస్తాం. ఒకరు కీబోర్డు, ఒకరు డ్రమ్స్, నేను గిటార్. నా దగ్గరున్నది గట్టి చెక్క ఎలక్ట్రిక్ గిటార్. రాక్ పాటలకు అది బాగానే ఉంటుంది కానీ జాజ్‌కు మరీ పదునుగా, చెవిలో గుచ్చినట్టు పలుకుతుంది. జాజ్‌కు కావలసిన గుండ్రటి, వెచ్చటి స్వరం రావాలంటే లోపల డొల్లగా ఉన్న ఎలక్ట్రిక్ గిటార్ కావాలి. వికారాబాద్‌లోనే ఉండే రిటైరైన మ్యూజిక్ మాస్టారు ఒకరు అలాంటివి రెండు అమ్ముతున్నారని తెలిసింది.

"నాయినా, జర నువ్వొచ్చి సూడు. నాకు సమజైతలేదు" అని ఫోన్ చేశాను. నాకు సాయం అక్కరలేక కాదు కానీ, అసలు సంగతి ఆయన్ను ఆ కుర్చీలోంచి లేపడం.

"గిటార్ గురించి నాకేం తెలుసు బిడ్డా?" అన్నాడు. అయినా మర్నాడు ప్యాసింజర్ ఎక్కి వచ్చాడు.

మాస్టారింట్లో రెండు గిటార్లూ మంచం మీద పడుకోబెట్టి ఉన్నాయి. రెండూ ఒకే రంగు, ఒకే ఆకారం. నాయిన వాటి చుట్టూ ఒకసారి తిరిగి, వేలు మడిచాడు. మాస్టారి ముఖంలో రక్తం ఇంకిపోయింది. "అయ్యో, సేట్ సాబ్, అట్ల కాదు, అసలేందంటే..." అని ఆయన మొదలుపెట్టగానే నాయిన ఆయన వైపు చూడకుండానే చెయ్యెత్తాడు. యార్డులో ఆ చెయ్యి లేస్తే లారీ డ్రైవర్లు కూడా నోరు మూసుకుంటారు. పాపం మాస్టారూ మూసుకున్నారు.

మొదటిదాన్ని కొట్టాడు. గది నిండా మోగింది. రెండోదాన్ని కొట్టాడు. చప్పగా, అట్టపెట్టెను తట్టినట్టు పలికింది.

"గిది తీస్కో బిడ్డా. మస్తు మోగుతున్నది. గా రెండోది మాత్రం ముట్టకు. లోపల యాడనో పగిలింది."

ఎన్నాళ్లకో ఆ గొంతులో పాత ధీమా వినబడింది. ఇక నేను ఇంకో ఆలోచన చెయ్యలేదు. గిటార్ పెట్టె నా చేతికి ఇవ్వకుండా తనే మోసుకుంటూ స్టేషను దాకా నడిచాడు.

ఆదివారం రిసార్టులో డ్రమ్స్ మొదలయ్యాయి. నేను గిటార్ స్వరాన్ని పెద్దది చేసే యాంప్‌ను కాస్త పెంచాను. అంతే, నేను తీగ ముట్టుకోకముందే గిటార్ కూత పెట్టింది. అరచేతితో తీగలు నొక్కితే ఆగుతుంది, చెయ్యి తీస్తే మళ్లీ మొదలు. భోజనం చేస్తున్నవాళ్లు చెవులు మూసుకున్నారు. ఒక పెద్దావిడ ప్లేటు తీసుకుని లేచి లోపలికి వెళ్లిపోయింది. పాత గిటార్‌తోనే ఆ పూట గట్టెక్కాం. సిగ్గు సంగతి తర్వాత, నా భయమంతా నాయిన గురించే. ఇది కూడా పగిలినదేనా? ఆ బంట్వారం ఆయన అన్నది నిజమేనా?

సాయంత్రం నాయిన ఫోన్. "ఎట్ల మోగింది బిడ్డా?"

"మస్తు మోగింది నాయినా" అన్నాను. అబద్ధమేమీ కాదు. కానీ అవతల ఆయన నవ్వు విని నాకు ఏడుపొచ్చింది.

ఉండబట్టలేక మర్నాడు మాస్టారికి ఫోన్ చేసి, "గిటార్‌లో ఏమైనా లోపం ఉందా సార్?" అని నసిగాను.

"నేనప్పుడే చెప్పబోయిన గదమ్మా. మీ నాయిన చెయ్యెత్తిండు, సప్పుడు చెయ్యకుండ కూసున్న" అన్నారాయన. "నువ్వు తీస్కపోయినదాని పైచెక్క అసలు చెక్క, పల్చగ చెక్కి చేసింది. ఇంట్ల ఒక్కతివే వాయించుకుంటే అంత మంచిది దొరకదు. కానీ పక్కన డ్రమ్స్ పెట్టుకొని యాంప్ పెంచితే, ఆ సౌండుకు అది కూడ మోగుతది. ఆ మోత మళ్ల యాంప్‌లోకి పోతది. ఒకదాన్నొకటి ఎగేసుకుంటయి. రెండోదాని పైచెక్క పొరలు పొరలు అతికి చేసిండ్రు. తొందరగ మోగొద్దనే అట్ల చేసిండ్రు. నీకు కావల్సింది గదే."

"మరి మా నాయిన అది పగిలిందన్నడు సార్."

"పగల్లేదు. కానీ ఏది మోగుతదో ఏది మోగదో ఒక్క దెబ్బకు చెప్పిండు గదా. చూస్తే రెండూ ఒక్కతీరుగుంటయి. చానమంది వాయించి కూడ పట్టలేరమ్మా. గసుంటి చెవు నాకు లేదు."

నేను స్టాఫ్ రూములో ఫోన్ పెట్టేశాను. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. నాయిన సరిగ్గానే విన్నాడు. తప్పల్లా మాది, గిటార్‌ను బండ అనుకోవడం. పక్కన కూర్చున్న ఇంగ్లీషు మేడమ్ ఏమైందని అడిగితే, "మా నాయినకు చెవులు బాగున్నయి" అని చెప్పాను. ఆవిడ నన్ను వింతగా చూసింది.

కాలేజీ వదలగానే తాండూరు వెళ్లి, కుర్చీ పక్కన నిలబడి అంతా చెప్పాను. కూత సంగతి కూడా దాచలేదు. ఆయన గిటార్ సంగతి పట్టించుకోలేదు.

"సార్ గట్లన్నడా?"

"అన్నడు."

"ఏమన్నడు, ఇంకోసారి చెప్పు."

ఇంకోసారి చెప్పాను. తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. కాసేపటికి మాత్రం కట్టుబాటు గుర్తుకొచ్చింది. "కొట్టి చూసినంక వాపస్ ఎట్లిస్తం బిడ్డా?"

"వాపస్ గాదు నాయినా, బదలాయిస్తం."

ఆ మాట ఆయనకు నచ్చింది.

తర్వాతి ఆదివారం పొద్దున్నే ఇద్దరం మాస్టారింటికి వెళ్లాం. ఈసారి నాయిన చేతులు కట్టుకుని కూర్చుని, "మీరు చెప్పండి సార్, నేను వింట" అన్నాడు. చప్పగా పలికిన గిటార్‌ను యాంప్‌కు తగిలించి నేను మెల్లగా వాయించాను, తర్వాత బాగా పెంచి వాయించాను. కూత లేదు. ఒక్కో స్వరం గుండ్రంగా వచ్చి గదిలో నిలబడింది. నాయిన కళ్లు మూసుకుని విన్నాడు. "మెత్తగున్నది" అన్నాడు. మధ్యాహ్నం రిసార్టులో డ్రమ్స్ పక్కనే రెండు గంటలు వాయించినా అది నోరు జారలేదు. ఎవరూ ప్లేటు తీసుకుని లోపలికి పోలేదు.

సాయంత్రం ఆయన్ను దింపడానికి తాండూరు వెళ్లాను. యార్డులో కొడంగల్ లారీకి బండలు ఎక్కిస్తున్నారు. కొన్నాయన, డ్రైవరు, పనివాళ్లు, అందరూ ఒకేసారి అరుస్తున్నారు. నాయిన తన కుర్చీ దాకా వెళ్లి, కూర్చోలేదు. కండువా కుర్చీ మీద వేసి బండల దగ్గరికి నడిచాడు. చెయ్యెత్తాడు. అరుపులన్నీ ఆగిపోయాయి. ఆయన వేలు మడిచి మొదటి బండను కొట్టాడు.

ఖంగుమంది.

"ఎక్కియ్యుండ్రి" అన్నాడు.