ఊగే ఇంజను, బొటనవేలమ్మ

ఆమెని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఆ వీధిలో ఎవరూ లేరు. మరిది "వదినా" అంటాడు, భర్త "ఇదిగో" అంటాడు, మిగతా లోకమంతా "బొటనవేలమ్మ" అంటుంది. ఆ పేరు చెప్పుల ఫ్యాక్టరీలో పడింది. అక్కడ ఆమె పద్దెనిమిదేళ్ళు పనిచేసింది. ప్రెస్సులోంచి వేడివేడిగా వచ్చిన రబ్బరు అడుగుల్ని బొటనవేలితో నొక్కి చూసి, గట్టివి ఒక పెట్టెలో, మెత్తవి ఒక పెట్టెలో, పనికొచ్చేవి ఇంకో పెట్టెలో వెయ్యడం ఆమె పని. ఒకసారి కొత్తగా వచ్చిన ఆఫీసరు గట్టిదనం కొలిచే ముల్లు పరికరం ఒకటి తెచ్చి, ఈవిడ వేలికి పరీక్ష పెట్టాడు. ఇరవై ముక్కల్లో పంతొమ్మిది సరిపోయాయి. ఇరవయ్యోది తన తప్పు కాదనీ, ముల్లు సున్నా మీదికి రాకుండానే ఆయన తొందరపడ్డాడనీ ఆమె ఇప్పటికీ వాదిస్తుంది.

ఫ్యాక్టరీ వేరే ఊరికి తరలిపోయినప్పుడు, తోటివాళ్ళు కొత్త ఉద్యోగాల కోసం కాళ్ళరిగేలా తిరిగారు. ఆమె మాత్రం పాత సామానులో పడేసిన చిన్న ప్రెస్సు ఒకటి అడిగి తెచ్చుకుంది. మరిదికి కార్ల షెడ్డు ఉంది. అందులో ఒక మూల అడ్డంగా రేకు కొట్టించి, అక్కడ ఆ ప్రెస్సు పెట్టింది. బట్టలుతికే మెషీన్ల కాళ్ళు, కుట్టు మిషను బెల్టులు, చక్రాల కుర్చీల టైర్లు, కార్ల కింద అదురుని ఆపే బుష్‌లు, ఒకటేమిటి, రబ్బరుతో అయ్యే పని ఏదైనా చేస్తుంది. ఈ మధ్య రెండు ద్రవాలు కలిపి అచ్చులో పోస్తే గట్టిపడే కొత్త రకం రబ్బరు కూడా పట్టుకుంది. ఏ ద్రవం ఎంత కలిపితే ఎంత గట్టిగా వస్తుందో గోడ మీద సుద్దముక్కతో రాసుకుంది.

ఒక ఉదయం ఆ షెడ్డులోకి ఎర్రటి స్పోర్ట్స్ కారు వచ్చి ఆగింది. రెండే తలుపులు, నేలని రాసుకుంటూ పోతుందేమో అన్నంత పొట్టి కారు. అందులోంచి ఒక పెద్దావిడ నడుం పట్టుకుని మెల్లగా దిగింది. పక్క పేటలో పళ్ళ డాక్టరు. ముప్పై ఏళ్ళు ఊళ్ళో వాళ్ళ నోళ్ళు చూసీ చూసీ, ఇక నా సరదా నేను చూసుకుంటానని ఆ కారు కొనుక్కుంది.

"గేరు ఒకటి నుంచి రెండుకి మారుస్తుంటే ఎవరో వెనక నుంచి తోసినట్టు ఉంటోందయ్యా" అంది మరిదితో. "యాక్సిలరేటర్ వదిలానా, గేరు కర్ర దానంతటదే కదుల్తుంది. ఒకళ్ళు క్లచ్ మార్చారు. ఏం లాభం లేదు. ఇంకొకళ్ళు గేరుబాక్సు విప్పాల్సిందే అన్నారు. పన్ను బాగుందో లేదో చూడకుండా పీకేస్తానన్న డాక్టర్ని నేను నమ్మను."

మరిది కారు ఒక చుట్టు తిప్పి వచ్చి పెదవి విరిచాడు. "గేరుబాక్సే అనిపిస్తోంది మేడం" అన్నాడు. చేతులు తుడుచుకుంటూ రేకు అవతలి నుంచి వచ్చింది బొటనవేలమ్మ.

"ఏమయ్యా, ఒకసారి బానెట్ ఎత్తి, ఇంజను స్టార్టు చేసి గేరు వేసి, బ్రేకు తొక్కిపట్టి క్లచ్ కొంచెం వదులు. మళ్ళీ తొక్కు. మళ్ళీ వదులు."

మరిది అలాగే చేశాడు. ఇంజను ఒళ్ళు విరుచుకున్నట్టు వెనక్కి వాలింది. మళ్ళీ ముందుకి వచ్చింది. ఆమె ఇంజను మీద ఒక సుద్ద గీత, దానికి సరిగ్గా ఎదురుగా కారు చట్రం మీద ఇంకో గీత గీసి, మళ్ళీ తొక్కమంది. రెండు గీతల మధ్య మూడు వేళ్ళంత ఎడం వచ్చింది.

"గేరుబాక్సు పాపం ఏం చెయ్యలేదు డాక్టరుగారూ. ఇంజను ఊగుతోంది. గేరు మార్చే తీగలకి ఒక కొస మీ చేతి దగ్గర, రెండో కొస ఇంజను దగ్గర. మీరు గేరు వేసే క్షణంలోనే ఆ కొస పారిపోతుంటే గేరు సుఖంగా ఎలా పడుతుంది?"

డాక్టరు వంగి ఆ గీతల్ని చూసింది. రెండు వర్క్‌షాపుల వాళ్ళు ఈ మాట ఎందుకు చెప్పలేదని మరిదిని అడిగింది. మరిది జాకీ తీసుకుని కారు కింద దూరాడు.

కారు కింద, ఇంజనుని చట్రానికి పట్టి ఉంచే ఎముక ఆకారపు ఇనప ముక్క ఒకటి ఉంటుంది. బరువంతా పైనున్న రెండు దిమ్మలు మోస్తాయి. ఊపు ఆపడం ఒక్కటే దీని పని. దాని పెద్ద తలలో రబ్బరు, ఆ రబ్బరులో నెలవంకల్లాంటి రెండు ఖాళీలు. కారు కంపెనీ వాళ్ళు లోపలి మనిషికి వణుకు తెలియకూడదని కావాలనే ఆ ఖాళీలు వదిలారు. ఈ కారులో ఏళ్ళ తరబడి పరుగులకి రబ్బరు అలిసిపోయింది. ఖాళీలు నోళ్ళు తెరుచుకున్నాయి.

బొటనవేలమ్మకి అది చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఇది తన పని. ఆ ఖాళీల కొలతలు తీసింది. వాటిలో బిగుతుగా కూర్చునేలా రెండు ముక్కలు పోసింది. తన దగ్గరున్న వాటిలో అన్నిటికంటే గట్టి రకం. "ఇక ఊగమను చూద్దాం" అంది. మర్నాటికి బిగించి పంపేశారు.

నాలుగో రోజు డాక్టరు తిరిగొచ్చింది. కారు దిగకుండానే కిటికీలోంచి చెప్పింది.

"గేరు బ్రహ్మాండంగా పడుతోందమ్మా. దానికి వంక పెట్టను. కానీ సిగ్నల్ దగ్గర ఆగితే అద్దంలో వెనకున్న ఒక్క బస్సు రెండు బస్సులుగా కనిపిస్తోంది. సీటు, స్టీరింగు, చివరికి నా కళ్ళజోడు కూడా జుయ్యిమంటోంది. నేను డ్రిల్లు పెట్టినప్పుడు జనాలకి ఎలా ఉంటుందో ఇన్నాళ్ళకి తెలిసింది."

"స్పోర్ట్స్ కారంటే ఆ మాత్రం ఉంటుంది మేడం" అని మరిది సర్దబోయాడు.

"ఊరుకోవయ్యా" అంది బొటనవేలమ్మ. "తప్పు నాదే. గట్టిగా ఉంటే చాలనుకున్నాను. ఆ గట్టిదనంలోంచి ఇంజను వణుకంతా నేరుగా మనిషిలోకి వెళ్ళిపోతోంది. మెత్తగా చేస్తే మళ్ళీ ఊగుతుంది. రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంది మనక్కావాల్సింది. అది ఎక్కడుందో మీ మాటల్లో నాకు దొరకదు డాక్టరుగారూ. నా చేతికి తెలియాలి."

"అయితే మీరే నడిపి చూడండి."

"నాకు రాదు."

బొటనవేలమ్మకి యాభై మూడేళ్ళు. కార్ల కింద, కార్ల చుట్టూ పన్నెండేళ్ళుగా ఉంది. డ్రైవరు సీట్లో ఒక్కసారీ కూర్చోలేదు. కూర్చోవాలని అనిపించలేదని కాదు. కొత్తగా పెళ్ళైనప్పుడు భర్తని అడిగింది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. "నేనుండగా నీకెందుకు" అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

"నేర్చుకుంటాను" అంది.

ఆ సాయంత్రం కంచాల ముందు కూర్చున్నప్పుడు భర్తకి ఆ మాట చెబితే, ఆయన ముద్ద చేత్తో పట్టుకుని నవ్వాడు. ఆమె నవ్వలేదు. దాంతో ఆయన కూడా మానేశాడు. "సరే, నేనే నేర్పిస్తాలే" అన్నాడు.

ఆదివారం పొద్దున గోదాముల వెనక ఖాళీ స్థలంలో, మరిది దగ్గరున్న పాత వ్యానులో భర్త ఆమెని డ్రైవరు సీటు ఎక్కించాడు. ఆయన నేర్పడం అరగంట కూడా సాగలేదు. క్లచ్ వదిలితే "అంత తొందరేంటి" అంటాడు, వదలకపోతే "తెల్లారుతుందా" అంటాడు. వ్యాను నాలుగోసారి గెంతి ఆగిపోగానే ఆమె తాళం చెవి తీసి ఆయన ఒళ్ళో పెట్టి దిగిపోయింది. "పాతికేళ్ళు నిన్ను భరించింది చాలక, నీ పాఠాల్ని కూడా భరించాలా?" అని ఇంటికి నడుచుకుంటూ వచ్చేసింది.

తర్వాత పళ్ళ డాక్టరే నేర్పింది. ఆవిడ గొంతులోనే మత్తు సూది ఉందేమో, "ఇప్పుడు మెల్లగా వదలండి, ఏం కాదు, అంతే, అయిపోయింది" అంటుంటే కాలు దానంతటదే మాట వినేది. క్లినిక్ తెరవకముందు గంటసేపు నేర్చుకునేది. రెండు నెలలు తిరక్కుండానే లైసెన్సు వచ్చింది. పరీక్ష పెట్టినాయన "ఇంతకుముందు నడిపేవారా?" అని అడిగాడట. "లేదండీ, బాగుచేసేదాన్ని" అందట ఈవిడ.

ఈలోగా ఆమె అయిదు జతల ముక్కలు పోసి సిద్ధం చేసింది. మెత్తదానికి ఒక చుక్క, గట్టిదానికి అయిదు చుక్కలు. మరిది మారుస్తూ పోయాడు, ఆమె ఎర్ర కారు నడుపుతూ పోయింది. మొట్టమొదటి చుట్టులోనే ఆమెకి చాలా తెలిసింది. రెండో గేరు వేసే సమయంలో కర్ర అరచేతిలోంచి జారబోవడం, అది ఆఖర్న ఒప్పుకుని లోపలికి పోవడం. డాక్టరు "తోసినట్టు" అన్న మాటలో ఇందులో సగం కూడా లేదు.

రెండు చుక్కలది పెడితే వణుకు లేదు, కర్ర కదులుతోంది. మూడు చుక్కలది పెడితే కర్ర బుద్ధిగా ఉంది, కానీ ఆగినప్పుడు సీటు ఇంకా జుమ్మంటోంది. రెండున్నర చుక్కలది పోద్దామా అన్నాడు మరిది. ఆమె కారు ఆపి, ఇంజను ఆపకుండా, చెయ్యి గేరు కర్ర మీద ఉంచి కూర్చుంది.

నిలబడి ఉన్నప్పుడు ఇంజను కదిలేది వెంట్రుకంత. లాగినప్పుడు కదిలేది మూడు వేళ్ళంత. రెండూ ఒకటి కాదు కదా! చిన్న వణుకుని దాని మానాన వదిలెయ్యాలి. పెద్ద ఊపుని మాత్రమే ఆపాలి.

దిగి నేరుగా రేకు అవతలికి వెళ్ళింది. మూడు చుక్కల గట్టిదనమే ఉంచింది. ఖాళీని పూర్తిగా నింపకుండా, రబ్బరు అంచు పొడుగునా గోరు మందం సందు వదిలేలా అచ్చుని కాస్త ఇరుకు చేసింది. నిలబడ్డప్పుడు ఇంజను ఆ సందులో హాయిగా వణుకుతుంది. లాగినప్పుడు ముందుకొచ్చి గట్టి ముక్కకి ఆనుకుని ఆగిపోతుంది. కొత్త ముక్కల్ని పోసి, గట్టిపడ్డాక బొటనవేలితో నొక్కి చూసింది. ఆ ఆఫీసరు ముల్లు పరికరం ఆమెకి గుర్తుకైనా రాలేదు.

బిగించాక డాక్టర్ని పక్కన కూర్చోబెట్టుకుని ఊరవతల కొండ దారి ఎక్కించింది. ఒకటి, రెండు, మూడు. మలుపు దగ్గర మళ్ళీ రెండు. గేరు పడిన సంగతి చేతికి తెలిసేలోపే కారు సాగిపోతోంది. పైన చదును దగ్గర ఆగి ఇద్దరూ అద్దంలోకి చూశారు. వెనక ఆగిన పాల బండి ఒక్కటిగానే ఉంది.

"అమ్మా, మీరు నా దగ్గరికి వస్తే ఈ జన్మలో మీ పళ్ళు నా పూచీ" అంది డాక్టరు.

"నా పళ్ళు బాగానే ఉన్నాయి డాక్టరుగారూ. మా ఆయనవి చూడండి. మీ చేతుల్లో ఉన్నంతసేపైనా నోరు తెరిచి మాట్లాడకుండా ఉంటాడు."

ఆ తర్వాత డాక్టరు స్నేహితులు కార్లు వేసుకుని వరస కట్టారు. బొటనవేలమ్మ ఎవరి మాటా నమ్మడం మానేసింది. ఏ కారు వచ్చినా ముందు తాళం అడుగుతుంది, ఒక చుట్టు తిప్పుతుంది, ఆ తర్వాతే సుద్దముక్క తీస్తుంది. కారు పందేల పిచ్చి ఉన్న ఒకాయన, ఎంత వణికినా పర్లేదు, అన్నిటికంటే గట్టిది కావాలన్నాడు. "పందేనికైతే పోస్తాను, రోజూ పిల్లల్ని బడికి దించే కారుకి పొయ్యను" అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. ఆయన రెండు రోజులు అలిగి, మూడో రోజు వచ్చి ఆమె చెప్పినదే వేయించుకున్నాడు.

మొన్నామధ్య భర్త ఇంటికొస్తూనే తన బస్సు రెండో గేరు పడేటప్పుడు పెడుతున్న బాధంతా ఏకరువు పెట్టాడు. "ఒకసారి డిపోకి వచ్చి చూడకూడదా? ఇంజనే ఊగుతున్నట్టుంది" అన్నాడు.

"ముందు నన్ను నడపనిస్తావా?"

ఆయన మేనేజరు కాళ్ళావేళ్ళా పడి, డిపో ఆవరణలో ఒక్క చుట్టుకి అనుమతి తెచ్చాడు. తోటి డ్రైవర్లు పని ఆపి గోడ వారగా నిలబడ్డారు. ఆమె సీటు ముందుకి జరుపుకుని, బస్సుని నింపాదిగా ఒక చుట్టు తిప్పి తెచ్చి ఆపింది. ఎక్కడా కుదుపు లేదు. తర్వాత ఆయన్ని నడపమని, తను పక్కన నిలబడి ఆయన కాళ్ళ వైపే చూసింది.

"ఇంజను బాగానే ఉంది" అంది దిగుతూ, అందరికీ వినబడేలా. "క్లచ్ పూర్తిగా తొక్కకుండానే గేరు వేస్తున్నావు. అంత తొందరేంటి?"