తాతబ్బాయి చెవి

చోడవరంలో చెరకు ట్రాక్టర్ల తొట్లకు వెల్డింగు చేసే తాతబ్బాయికి వినికిడి తగ్గింది. అతుకులు వేసే మిగ్ మిషను జంతికలు వేగినట్టు చిటపటలాడితేనే అతుకు గట్టిదని అతని లెక్క. అది వినపడక పని చెడుతుంటే, భార్య తాయారు పక్కన నిలబడి, చప్పుడు విని తలూపేది. దాన్నిబట్టి మీటలు తిప్పేవాడు. ఇలా ఎన్నాళ్లని, కొట్టు మూసేద్దామనుకుంటుండగా కూతురు అశ్విని కొత్త మిషను కొనిచ్చింది. రేకు మందం చెబితే చాలు, తక్కినవన్నీ అదే సర్దుకుంటుంది. మొదటి అతుకు నున్నగా పడింది. తాయారు కొంగు దులుపుకుని, "ఇంక నాతో పనేటి? అన్నీ అదే సూసుకుంటాది గదా," అని గట్టిగా అనేసి ఇంట్లోకి నడిచింది. తాతబ్బాయి రెండో అతుకు మొదలుపెట్టబోయి, మొహం మీది అద్దం పైకెత్తాడు. "ఒసే, దాని పని అది సేస్తాది. నువ్వు తలూపందే నాకు సెయ్యాడదే," అని ఇంట్లోకి కేకేశాడు.