పచ్చజెండా రావాలి

రోడ్డు వెడల్పు చేసేచోట జెండామామ కొలువు. తెరిచింది ఒక్క వరుసే. ఇటు చివరి బండికి పచ్చజెండా ఇచ్చి పంపుతాడు. అవతలి మనిషి అది అందుకుని తన బండ్లను వదులుతాడు. వాటితో జెండా తిరిగొచ్చేదాకా మామ ఎర్రజెండా దించడు. చెమటైనా భుజానికే తుడుచుకుంటాడు.

ఆరోజు పని పూర్తయింది. అవతలి మనిషిని ఇంటికి పంపేశారు, మామకు చెప్పడం మరిచారు. మామ చివరి బస్సుకిచ్చిన పచ్చజెండా, అందుకునేవాడు లేక ఆ బస్సుతోనే పోయింది. కొత్త వరుసలో ఎదురు బండ్లు హాయిగా వస్తున్నాయి. మామ వెనక రోడ్డు అద్దంలా ఖాళీ, ఎదురుగా అతను ఆపగా బారులు తీరిన బండ్లు.

ఇంజనీరే కారు దిగి వచ్చాడు. "పని అయిపోయింది మామా. నేను చెబుతున్నాగా, వదిలెయ్."

మామ కుంటికాలు ముందుకు చాపాడు. "పోయినసారి జెండా రాకముందే వదలమన్నదీ మీరే సార్."

ఇంజనీరు ఆ కాలు వంక చూశాడు. వెళ్లి కారులో కూర్చుని ఇంజన్ ఆపేశాడు.